తగ్గిన బరువు తిరిగి వస్తున్నప్పుడు: బేరియాట్రిక్ సర్జరీపై ఒక పరిశీలన

బరువు తగ్గించే సర్జరీ గురించి డాక్టరును అడగడానికి వచ్చేవారిలో చాలామంది అంతకుముందు ఒకటికి నాలుగుసార్లు బరువు తగ్గినవారే. రాత్రి అన్నం మాని, చిరుధాన్యాలకు మారి, జిమ్‌లో చేరి, కీటో అనీ ఉపవాసమనీ ప్రయత్నించి పది పదిహేను కిలోలు తగ్గి, ఏడాది రెండేళ్లలో ఆ బరువంతా తిరిగి తెచ్చుకుని, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పెరిగినవారు వీరు. ఇలా పలుమార్లు జరిగాక వారికీ ఇంట్లోవారికీ ఒకే అభిప్రాయం మిగులుతుంది: నోరు కట్టుకోవడం చేతకాలేదని. సర్జరీ అనే ఆలోచన వచ్చినప్పుడు కూడా అది చికిత్సలా కాక, ఓటమి ఒప్పుకున్నట్టుగా అనిపిస్తుంది. సర్జరీ అవసరమా కాదా అన్నది తేల్చుకోవాలంటే ముందు ఈ అభిప్రాయాన్నే పరీక్షించాలి, ఎందుకంటే గత పాతికేళ్ల పరిశోధనలు దీన్ని బలపరచడం లేదు.

బరువు తగ్గిన శరీరం ఏం చేస్తుందో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం స్పష్టంగా చూపింది. అధిక బరువున్న 50 మందిని పది వారాల పాటు చాలా తక్కువ క్యాలరీల ఆహారం మీద ఉంచితే, దాన్ని పూర్తిచేసినవారు సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఆ తర్వాత ఏడాదికి వారి రక్తాన్ని మళ్లీ పరీక్షించినప్పుడు, కొవ్వు నిల్వల సమాచారాన్ని మెదడుకు చేరవేసే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని తెలిపే పెప్టైడ్ వైవై వంటి హార్మోన్లు మొదటి స్థాయికి రాలేదు. వారు చెప్పిన ఆకలి కూడా డైటింగ్‌కు ముందున్న ఆకలికంటే ఎక్కువే. అంటే పథ్యం ముగిసి ఏడాది గడిచినా శరీరం పోయిన కొవ్వును వెనక్కి రప్పించే పనిలోనే ఉంది.

ఆకలి పెరగడం ఒక ఎత్తు, ఖర్చు తగ్గడం మరో ఎత్తు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారు అప్పటికి 41 కిలోలు తిరిగి పెరిగారు. అంత పెరిగాక కూడా, విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఆ వయసుకూ ఆ శరీరానికీ ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. అది దాదాపు ఒక పూట భోజనం. ఆ పోటీలో కసరత్తు అసాధారణమైన స్థాయిలో ఉంటుంది కనుక ఈ అంకెను యథాతథంగా అందరికీ అన్వయించకూడదు. అయితే ఒకే బరువున్న ఇద్దరిలో, అంతకుముందు బాగా లావుగా ఉండి తగ్గిన మనిషి మరింత తక్కువ తింటే తప్ప ఆ బరువు దగ్గర నిలవలేకపోవచ్చునన్నది ఇతర అధ్యయనాల్లోనూ కనిపించిన సంగతి. పక్కింటివారు తింటున్నంతే తింటున్నా పెరుగుతున్నానని ఎవరైనా వాపోతే, అది సాకు అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

సర్జరీకి చోటు దొరికేది ఇక్కడే. జీర్ణాశయాన్ని చిన్నది చేస్తే మనిషి తక్కువ తింటాడు, అందుకే సన్నబడతాడు అన్నది చాలాకాలం పాటు డాక్టర్లు కూడా నమ్మిన వివరణ. అదే పూర్తి నిజమైతే సర్జరీ అయినవారు తీరని ఆకలితో అల్లాడుతూ ఉండాలి. అలా జరగడం లేదు. 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం ఆహార నియమాలతో తగ్గినవారిలో గ్రెలిన్ పెరిగింది, ఈ సర్జరీల్లో ఒకటైన గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో మాత్రం చాలా తక్కువగా ఉంది. బైపాస్ తర్వాత గ్రెలిన్ విషయంలో ఆ పైన వచ్చిన అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. కానీ భోజనం చేయగానే కడుపు నిండిన సంకేతం ఇచ్చే జీఎల్‌పీ-1, పెప్టైడ్ వైవై బాగా పెరుగుతాయన్నది స్థిరపడింది. డైటింగ్ చేసినప్పుడు శరీరం ఎదురు తిరుగుతుంది. సర్జరీ తర్వాత ఆ ఎదురుతిరుగుడు చాలా కాలం పాటు తగ్గి ఉంటుంది. సంకల్పం లేనివారికోసం కనిపెట్టిన దగ్గరిదారి అని సర్జరీని చులకన చేసేవారు ఈ తేడాను గమనించవలసి ఉంది.

మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు మూడు రకాలు. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగాన్ని కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం ఇందులో పోతుంది. తీసేసిన భాగాన్ని మళ్లీ అమర్చడం అసాధ్యం. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కింది భాగానికి కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తాకకుండా వెళ్తుంది. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ కూడా మన దేశంలో బాగానే జరుగుతోంది. జీర్ణాశయం పైభాగానికి పట్టీలా బిగించే, ఒకప్పుడు విరివిగా వేసిన గ్యాస్ట్రిక్ బ్యాండ్‌ను ఇప్పుడు చాలావరకు మానేశారు. ఇవన్నీ లాప్రోస్కోపీ ద్వారానే, చిన్న రంధ్రాలతో జరుగుతాయి.

ఏళ్ల తరబడి ఫలితం ఎలా ఉంటుందో చెప్పగలిగిన ఆధారాల్లో స్వీడన్ అధ్యయనం ముఖ్యమైనది. 1987లో మొదలైన ఆ అధ్యయనంలో సర్జరీ చేయించుకున్న 2,010 మందినీ, చేయించుకోని 2,037 మందినీ దశాబ్దాల పాటు గమనించారు. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో తమ బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్లు గడిచేసరికి ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. అంటే కొంత తిరిగి వచ్చింది, చాలావరకు రాలేదు. సర్జరీ లేనివారి బరువు అన్నేళ్లలోనూ ఇంచుమించు మొదటి చోటే ఉండిపోయింది. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం సర్జరీ చేయించుకున్నవారి ఆయుర్దాయం చేయించుకోనివారికంటే సుమారు మూడేళ్లు ఎక్కువ, సాధారణ జనాభాతో పోలిస్తే ఐదున్నర ఏళ్లు తక్కువ. ఈ చివరి అంకెను ప్రకటనల్లో ఎవరూ వేయరు. సర్జరీ పోయిన ఆరోగ్యాన్ని కొంత వెనక్కి తెస్తుంది, మొత్తం తేలేదు.

ఈ లెక్కను మన ఇంటి మనిషికి వేసి చూస్తే ఎంత ఆశించవచ్చో తెలుస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 100 కిలోల బరువు ఉన్న మహిళ పదేళ్ల తర్వాత 25 శాతం తగ్గుదల నిలబెట్టుకుంటే 75 కిలోల దగ్గర ఉంటుంది. ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే బీఎంఐ 39 నుంచి 29కి వస్తుంది. భారతీయులకు పెట్టుకున్న కొలమానం ప్రకారం 25 దాటితే ఊబకాయమే కనుక, ఆమె కాగితం మీద ఇంకా ఊబకాయంలోనే ఉన్నట్టు. అయినా మోకాళ్ల మీద 25 కిలోల భారం తగ్గడం, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా మెరుగవడం, బీపీ మాత్రలు తగ్గడం ఆమె రోజువారీ జీవితంలో చాలా పెద్ద మార్పు. పెళ్లి ఫొటోలోని రూపం తిరిగి రావాలన్న కోరికతో ఆపరేషన్ టేబుల్ ఎక్కేవారికి మాత్రం ఇదే ఫలితం ఆశాభంగంగా కనిపిస్తుంది.

షుగరు ఉన్నవారి విషయంలో సర్జరీకి ఉన్న ఆధారం మరింత గట్టిది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 150 మంది టైప్ 2 షుగరు రోగుల మీద జరిపిన పోలికలో, ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగరు 6 శాతం లేదా అంతకు తక్కువకు చేరినవారు మందులతోనే ఉన్నవారిలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం. షుగరు వచ్చి ఎక్కువ ఏళ్లు గడిచి, ఇన్సులిన్ దాకా వెళ్లాక చేయించుకుంటే ఈ ప్రయోజనం తగ్గుతుంది. అన్ని దారులూ మూసుకుపోయాకే సర్జరీ అన్న వైఖరి షుగరు రోగులకు నష్టం చేసేది ఈ కారణంగానే.

ఎవరికి సర్జరీ సూచించవచ్చు అన్నదానికి 1991లో అమెరికాలో పెట్టిన గీత బీఎంఐ 40, లేదా ఇతర జబ్బులతో కలిపి 35. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వస్తుంది కనుక, భారతీయ నిపుణులు 2009లో ఆ గీతలను 37.5కూ 32.5కూ దించారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు తమ మార్గదర్శకాలను సడలించి, ఆసియా జనాభాలో 27.5 నుంచే ఈ అవకాశాన్ని పరిశీలించవచ్చన్నాయి. ఆరోగ్య బీమా మాత్రం పాత గీత దగ్గరే ఆగిపోయింది. మన బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక నిబంధన ప్రకారం పరిహారం దక్కాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని షుగరు వంటివి తోడవాలి, అంతకుముందు చేసిన ఇతర ప్రయత్నాలు విఫలమై ఉండాలి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న షుగరు రోగికి 85 కిలోల దగ్గర సర్జరీ అవసరమని డాక్టరు నిబంధనల ప్రకారమే చెప్పవచ్చు. బీమా కంపెనీ తన నిబంధన ప్రకారం కాదనవచ్చు. వారి లెక్కలోకి రావాలంటే ఆ రోగి దాదాపు 90 కిలోలకు పెరగాలి. వైద్యం ఒక భారతీయ కొలమానాన్ని పెట్టుకున్నాక బీమా దాన్ని పట్టించుకోకపోవడం అన్యాయం, ముఖ్యంగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అని తేలిన చోట.

పాత ప్రయత్నాల చరిత్ర ఇందుకే కాగితం మీద ఉండాలి. ఏ సంవత్సరం ఎంత తగ్గారు, ఎన్ని నెలలు నిలిచింది, మళ్లీ పెరిగిన కాలంలో ఏం జరిగింది అన్నవి రాసి తీసుకువెళ్తే అది బీమాకు రుజువు, డాక్టరుకు ఆధారం. పెరిగిన కాలమంతా స్టెరాయిడ్లో, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులో, ఇన్సులినో మొదలైన కాలంతో సరిపోతుంటే ముందు సరిచూడవలసినవి ఆ మందులు. రాత్రిపూట ఒంటరిగా, ఆపుకోలేక, కడుపు నొప్పి పుట్టేదాకా తినే అలవాటు ఉంటే దానికి వేరే చికిత్స ఉంది, అది సర్జరీకంటే ముందు మొదలవ్వాలి. ఆ అలవాటును డాక్టరు దగ్గర దాచడం సహజమే అయినా, దాచినందువల్ల నష్టపోయేది రోగే.

ప్రమాదాల విషయంలో అతిభయమూ అతినిర్లక్ష్యమూ రెండూ కనిపిస్తాయి. అమెరికాలో 4,776 మందిని గమనించిన అధ్యయనంలో నెల రోజుల్లోపు మరణించినవారు 0.3 శాతం. కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్ల సిరల్లో గడ్డలు తొలి వారాల్లో భయపడవలసినవి. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, జుట్టు కొన్ని నెలలు విపరీతంగా రాలవచ్చు. స్లీవ్ తర్వాత గుండెల్లో మంట ఎక్కువవడం సాధారణం; ఫిన్లండ్‌లో పదేళ్లు గమనించిన రోగుల్లో ఎండోస్కోపీ చేస్తే ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకుపోయినట్టు కనిపించింది స్లీవ్ వారిలో 31 శాతం మందికి, బైపాస్ వారిలో 7 శాతం మందికి. ముందునుంచీ తీవ్రంగా పుల్లటి తేన్పులు, మంట ఉన్నవారికి సులువుగా అయిపోతుందని స్లీవ్ చేసేయడం సరికాదు. బైపాస్ తర్వాత పొగ తాగితే, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడితే అతుకు దగ్గర పుండు పడవచ్చు. మద్యం త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. బైపాస్ అయిన రెండో ఏడు నుంచి మద్యం వ్యసనం పెరిగిన ఆధారాలున్నాయి. శరీరం తేలికపడినా మనసు తేలికపడనివారు ఉంటారు, ఆత్మహానికి పాల్పడినవారూ కొందరున్నారు. అందువల్ల ముందు జరిగే మానసిక పరీక్షను సంతకానికే పరిమితం చేయకూడదు.

అన్నింటికంటే తక్కువగా మాట్లాడుకునేది పోషకాల లోపం. ఐరన్, కాల్షియం, విటమిన్ డి, బీ12 మాత్రలు ఆరు నెలలు వాడి ఆపేసేవి కావు, జీవితాంతం వాడవలసినవి. శాకాహారుల్లో బీ12 సర్జరీకి ముందే తక్కువగా ఉండటం మన దగ్గర మామూలు; ఆ లోపం సరిచేయకుండా ఆపరేషన్‌కు వెళ్లి, తర్వాత ఇంజెక్షన్లు మానేస్తే కాళ్ల తిమ్మిర్లతో మొదలై నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. సర్జరీ అయినవారికి వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయామిన్ అనే విటమిన్ బీ1 బాగా తరిగిపోయి మెదడుకు హాని జరగవచ్చు. అలాంటప్పుడు ముందు గ్లూకోజు ఎక్కించి ఊరుకోవడం ప్రమాదం, దానికంటే ముందు థయామిన్ ఇవ్వాలి. ఊళ్లో దగ్గరున్న క్లినిక్‌కు ఇది తట్టకపోవచ్చు కనుక, సర్జరీ వివరాలున్న కాగితం రోగి దగ్గర ఎప్పుడూ ఉండాలి. పిల్లలు కావాలనుకునే మహిళలు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓఎస్ వల్ల గర్భం రాదనుకున్నవారికి బరువు తగ్గగానే రావచ్చు, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలను నమ్ముకోవడానికి లేదు.

వీటితోపాటు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. మన భోజనంలో ఇది నిజమైన సమస్య. ఉడికిన కందిపప్పు వంద గ్రాములకు ఇచ్చేది సుమారు ఏడు గ్రాములు, గుడ్డుకు ఆరు. కొద్ది ముద్దలతోనే నిండిపోయే కడుపులో ముందు అన్నం, చారు చేరితే ప్రోటీన్‌కు చోటు మిగలదు. కనుక పళ్లెంలో ముందు తినేది పప్పు, గుడ్డు, చేప, పనీరు, పెరుగు కావాలి. అన్నం చివరికి పోవాలి. నీళ్లూ మజ్జిగా భోజనంతో కాకుండా వేరే వేళల్లో తాగాలి. పెళ్లిళ్లలో, పండగల్లో కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. తినలేనని చెప్పినవారిని ఇంకొక్క ముద్ద అని బలవంతపెడితే సర్జరీ అయిన మనిషికి అది వాంతితో ముగుస్తుంది. ఇంట్లో వండేవారికీ వడ్డించేవారికీ ఈ సంగతులు ముందే తెలియాలి. డైటీషియన్ దగ్గరికి దంపతులు ఇద్దరూ వెళ్లడం మంచిదన్నది ఇందుకే.

ఇప్పుడు మందుల దారి కూడా తెరుచుకుంది. వారానికో ఇంజెక్షన్‌గా తీసుకునే సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 21 శాతం దాకా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. టిర్జెపటైడ్ మందు మౌంజారో 2025 మార్చిలోనూ, సెమాగ్లుటైడ్ మందు వెగోవీ జూన్‌లోనూ మన దేశంలోకి వచ్చాయి. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందన్నది, పైన చెప్పిన శరీర ధర్మం తెలిసినవారిని ఆశ్చర్యపరచదు. అందువల్ల పోల్చవలసింది ఒకసారి పెట్టే కొన్ని లక్షల ఖర్చునూ, ఏళ్ల తరబడి నెలనెలా పెట్టే ఖర్చునూ. బీఎంఐ 30 దగ్గర ఉన్నవారికి ముందు మందు ప్రయత్నించడం సబబు. 40 దాటి షుగరు, స్లీప్ ఆప్నియా ఉన్నవారు ఇంజెక్షన్ల మీద ఆశతో సర్జరీని ఏళ్లకు ఏళ్లు వాయిదా వేయడం మంచిది కాదు. ఈ రెండింటి మధ్య ఉన్నవారికి ఎవరూ ఖచ్చితమైన జవాబు ఇవ్వలేరు. వయసు, షుగరు ఎన్నేళ్లది, జీతం ఎంత, మందులు క్రమంగా వాడే స్వభావమా కాదా అన్నవే నిర్ణయిస్తాయి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ధరకంటే, పాత పేషెంట్లు మూడేళ్ల తర్వాత కూడా పరీక్షలకు వస్తున్నారా అన్నది అడగడం ఎక్కువ ఉపయోగకరం. ఎంతమంది వస్తున్నారో చెప్పలేని చోట, బరువు ఎంతమందికి నిలిచిందో కూడా చెప్పలేరు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఆపరేషన్ చేయించుకుని వందల కిలోమీటర్ల దూరంలో ఉండేవారికి, సెలవుల్లో వచ్చి చేయించుకుని విదేశాలకు తిరిగి వెళ్లేవారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఏటా రక్తపరీక్షలు ఎవరు రాస్తారో, ఫలితాలు ఎవరు చూస్తారో బయలుదేరే ముందే తేలాలి.

రెండో ఏడు దాటాక కొంత బరువు తిరిగి పెరగడం స్వీడన్ అంకెల్లో కనిపించినట్టే దాదాపు అందరికీ జరుగుతుంది. ఏళ్ల తరబడి తమను తామే నిందించుకున్నవారు ఈ దశలో మళ్లీ అదే పని చేసి, డాక్టరుకు ముఖం చూపించలేక చెకప్‌లు మానేస్తారు. ఐదారు కిలోలు పెరిగిన దశలోనే వెళ్తే తినే తీరులో వచ్చిన మార్పును పట్టుకోవచ్చు, చిరుతిళ్లూ తీపి పానీయాలూ ఎప్పుడు చేరాయో చూడవచ్చు, అవసరమైతే పైన చెప్పిన ఇంజెక్షన్లనే సర్జరీకి తోడుగా మొదలుపెట్టవచ్చు. ఇరవై కిలోలు పెరిగేదాకా ఆగితే మిగిలేది స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం వంటి రెండో ఆపరేషన్. దానిలో ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ, తగ్గే బరువు తక్కువ.